తులసాకు కడగాలా వద్దా

పోయిన ఆదివారం మా అత్తయ్యతో చిన్న గొడవ అయింది. గొడవంటే మరీ గొడవ కాదు. ఆవిడ బాల్కనీ కుండీలోంచి నాలుగు తులసాకులు తుంపి నేరుగా నోట్లో వేసుకుంటుంటే, పక్కనే కాఫీ తాగుతున్న నేను ఊరుకోలేక, "కడుక్కుని తినండి అత్తయ్యా, ఒక్కో ఆకు మీద ఎంత లేదన్నా ముప్పై లక్షల బ్యాక్టీరియా ఉంటుంది" అనేశాను. ఆవిడ నమలడం ఆపి నన్ను కిందికీ పైకీ చూశారు. "తులసి మీద పురుగులేంటమ్మా? పురుగుల్ని చంపేదే తులసి కదా. ఆ ఉద్యోగంలో చేరాక నీకు అన్నిట్లోనూ పురుగులే కనపడుతున్నాయి" అని మళ్ళీ నమలడం మొదలుపెట్టారు.

నా ఉద్యోగం మీద ఆ మాట నిజమే. మూలికల పొడులు తయారుచేసే ఒక కంపెనీలో మైక్రోబయాలజీ ల్యాబ్ నాది. తులసి, నేలవేము, అడ్డసరం, సరస్వతి ఆకు, ఏ పొడి వచ్చినా అందులో ఎన్ని సూక్ష్మజీవులున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాయడమే పని. అందుకని ఆవిడ అడిగింది నాకు కొత్త ప్రశ్న కాదు. క్రిముల్ని చంపే ఆకు మీద క్రిములు ఎలా బతుకుతాయి? ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఈ ప్రశ్నే నన్ను ఏడిపించినంత పని చేసింది, ఆ కథ కాసేపట్లో చెప్తాను.

ముందు ఆ లక్షల లెక్క. ఏ మొక్క ఆకు తీసుకున్నా మామూలుగా చదరపు సెంటీమీటరుకి 10 లక్షల నుంచి కోటి దాకా బ్యాక్టీరియా ఉంటుందని పుస్తకాల్లో కనపడే లెక్క. మా కుండీలో తులసాకు మూడు చదరపు సెంటీమీటర్లు దాటదు కాబట్టి నేను తక్కువలో తక్కువ చెప్పాను, అదీ ఒక వైపుకే. మే నెల మిట్టమధ్యాహ్నం పైవైపు చూస్తే అంత ఉండకపోవచ్చు, ఎండ చంపేస్తుంది. వాన పడి రెండు రోజులు ముసురు పట్టిందంటే మళ్ళీ పెరుగుతాయి. కింది వైపు నీడ, తేమ, గాలి పీల్చుకునే రంధ్రాలూ ఎక్కువ, అందుకని జనాభా కూడా సాధారణంగా అటే ఎక్కువ. ఆకు మీద ఇవి సమానంగా పరుచుకుని కూర్చోవు. ఈనెల పక్క గాడుల్లో, నూగు మొదళ్ళలో, రంధ్రాల అంచుల్లో, ఎక్కడ చుక్క తడి, చిటికెడు చక్కెర దొరుకుతుందో అక్కడ గుంపులు కడతాయి. అవును, చక్కెరే. ఆకు లోపల తయారైన గ్లూకోజు, ఫ్రక్టోజు, సుక్రోజు కాస్త కాస్త పైకి ఊరుతుంటాయి, వీటికి అదే కూడు.

ఈ ఆకు పైన ఉండే లోకానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ఫిల్లోస్ఫియర్. 1955, 56ల్లో లాస్ట్ అనే ఆయన, రూయినెన్ అనే డచ్చి ఆవిడ వాడుకలోకి తెచ్చారు. రూయినెన్ ఇండోనేషియాలో చెట్ల ఆకులు చూసి, వాటి మీద గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉందని రాసింది. అప్పటిదాకా అందరి చూపూ మట్టి మీదే, వేళ్ళ మీదే. ఆకు అంటే ఏదో గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము పడే చోటు అనుకునేవాళ్ళు. (తెలుగులో పత్రావరణం అందామా? ఎంఎస్సీలో నోట్సు రాసుకునేటప్పుడు నేను అలాగే రాసుకున్నాను, మా సార్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు.)

ఇప్పుడు ఆ మొదటి నెల కథ. తులసి పొడి వచ్చింది. పది గ్రాములు తీసి తొంభై మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపాను, అందులోంచి పదో వంతు, దాన్లోంచి పదో వంతు, ఇలా పలచన చేసుకుంటూ పోయి, ఒక్కో పలచన నుంచి ఒక్కో మిల్లీలీటరు, బ్యాక్టీరియాకి తిండి కలిపిన జెల్లీ ఉండే ప్లేట్లలో పోసి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. చిన్నపిల్లాడికి కూడా తెలిసే లెక్క ఏంటంటే, చిక్కగా ఉన్న ప్లేట్‌లో ఎక్కువ కాలనీలు, అంటే బ్యాక్టీరియా పెరిగి కంటికి కనపడేలా కట్టిన చుక్కలు, రావాలి, పలచబడేకొద్దీ పదో వంతు చొప్పున తగ్గాలి. మూడో రోజు తీసి చూస్తే, అన్నిటికంటే చిక్కటి ప్లేట్‌లో నాలుగే నాలుగు చుక్కలు. దాని తర్వాతి దాంట్లో తొంభై దాకా. ఆ తర్వాతి దాంట్లో ఇరవై ఎనిమిది. నాకు చెమటలు పట్టాయి. ట్యూబులు తారుమారు చేశాననుకున్నాను, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. సాయంత్రానికి టెన్షన్ తట్టుకోలేక మా సీనియర్ అక్క దగ్గరికి ప్లేట్లు పట్టుకెళ్తే, ఆవిడ కాలనీల వైపు కూడా చూడకుండా "ఏం పొడి?" అని అడిగింది. తులసి అన్నాను. నవ్వేసింది.

జరిగిందేంటంటే, చిక్కటి ప్లేట్‌లో బ్యాక్టీరియాతో పాటు తులసి నూనె కూడా పడింది. అందులో యూజినాల్ ఉంటుంది, లవంగం నూనెలో ఉండేదే, పంటి డాక్టరు గదిలో కొట్టే వాసన అదే. అది అక్కడున్న బ్యాక్టీరియాను పెరగనివ్వలేదు. పలచన చేసేసరికి నూనె బలం తగ్గింది, బ్యాక్టీరియా తలెత్తింది. అప్పట్నుంచి తులసి, లవంగం, దాల్చినచెక్క లాంటివి వస్తే ద్రావణంలో పాలిసార్బేట్, లెసిథిన్ కలిపి ఆ నూనె జోరు తగ్గించి అప్పుడు లెక్కపెడతాం. అలా చేయకపోతే పొడి చాలా శుభ్రంగా ఉన్నట్టు రిపోర్టు వస్తుంది, అది అబద్ధపు రిపోర్టు.

అంటే అత్తయ్య చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. తులసి చంపుతుంది. కానీ ఎప్పుడు? పొడి కొట్టినప్పుడు, నమిలినప్పుడు, నలిపినప్పుడు. బతికున్న ఆకు మీద ఆ నూనె అలా పూసినట్టు ఉండదు. తులసాకును మంచి భూతద్దంలోంచి చూస్తే నూగుతో పాటు చిన్న చిన్న మెరిసే బుడగలు కనపడతాయి. అవి గ్రంథులు. నూనె తయారై ఒక పల్చటి పొర కింద ఆ బుడగలో బిగించి ఉంటుంది, మూత పెట్టిన సీసాలో అత్తరులా. మీరు చెట్టు పక్కనుంచి పోతూ ఆకును రాసుకుంటే గుప్పున వాసన కొట్టేది సీసాలు పగిలాయి కాబట్టి. పురుగు కొరికినా అంతే. పగలని సీసాల మధ్య సందుల్లో బ్యాక్టీరియా హాయిగా కాపురం చేసుకుంటూ ఉంటుంది. కొంత ఆవిరి బయటికి వస్తూనే ఉంటుంది, అది భరించలేని రకాలు అక్కడ నిలవవు, భరించేవే మిగులుతాయి. భరించడమేంటి, యూజినాల్‌నే తిని బతకగల సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా రకాలు కూడా ఉన్నాయి. వాటి చేత యూజినాల్ నుంచి వెనిలిన్, అంటే ఐస్‌క్రీమ్‌లో వేసే వెనిలా వాసన, తయారు చేయించాలని చాలా ప్రయత్నాలే జరిగాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం గులాబి రంగుది. ఎంఎస్సీలో ఉన్నప్పుడు ఒక ప్రాక్టికల్. అగర్ ప్లేట్‌లో వేరే తిండేమీ లేకుండా మిథనాల్ ఒక్కటే పెట్టి, దాని మీద ఆకును కాసేపు మెత్తగా నొక్కి తీసేయాలి. అంతే. తీసేశాక ప్లేట్ మీద ఏమీ ఉండదు. ఒకరోజు, రెండ్రోజులు, ఏమీ లేదు. మా బ్యాచ్‌లో సగం మంది మర్చిపోయారు. ఐదో రోజు తీసి చూస్తే, ఆకు ఆకారంలో, అంచు గీతతో సహా, మధ్య ఈనె దారితో సహా, లేత గులాబి చుక్కలు. గోరింటాకు పెట్టి తీసేసిన చేయిలా ఉంది. అక్కడ ఆకు లేదు, ఆకు మీద ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో ఆ పటం మాత్రం ఉంది. ఆ ఫోటో నా పాత ఫోన్‌తో పాటే పోయింది, ఆ బాధ ఇంకా ఉంది.

దాని పేరు మిథైలోబ్యాక్టీరియం. మిథనాల్ ఎందుకంటే, ఆకు పెరిగేటప్పుడు కణాల గోడల్లోని పెక్టిన్ మారుతూ కొంచెం కొంచెం మిథనాల్ వదులుతుంది, అది రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. మనం తాగితే కళ్ళు పోయే సరుకు, దీనికి తిండి. గులాబి రంగు కెరోటినాయిడ్లది, ఎండ దెబ్బ తగలకుండా అదే గొడుగు. ఊరికే తిని కూర్చోదు, సైటోకైనిన్ల లాంటి మొక్క హార్మోన్లు కూడా చేస్తుంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీన్నే సీసాల్లో పెంచి, వాన ఎగ్గొట్టినప్పుడు పైరు మీద కొట్టమని రైతులకి ఇస్తోంది. ఇంకో రకం స్ఫింగోమోనాస్. ఆవాలకి దూరపు చుట్టమైన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద దీన్ని ఉంచితే రోగం తెచ్చే సూడోమోనాస్ ఆటలు సాగలేదని 2011లో స్విట్జర్లాండ్‌లో చూపించారు. ఆకు మీద చోటు, తిండి ముందే మంచివాళ్ళు ఆక్రమించుకుంటే చెడ్డవాళ్ళకి ఇక మిగిలేదేముంది.

సరే, కడగాలా వద్దా అన్న దగ్గరికి వద్దాం. ఎందుకంటే కడగడం వల్లే మాకొకసారి పెద్ద నష్టం వచ్చింది.

ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల పుస్తకం ప్రకారం పొడిలో గ్రాముకి బ్యాక్టీరియా లక్ష దాటకూడదు, బూజు వెయ్యి దాటకూడదు, ఇ.కోలి, సాల్మొనెల్లా లాంటి రోగాల బ్యాక్టీరియా అసలు ఉండకూడదు. ఒక శ్రావణంలో వచ్చిన నేలవేము లాట్ మొత్తం లక్ష దాటిపోయింది. దాటడమంటే కొంచెం కాదు. అంతకుముందు లాట్లు అదే పొలానివి, అదే మనిషి ఇచ్చినవి, ఎప్పుడూ ఇబ్బంది లేదు. మావాళ్ళు సప్లయర్‌ని తిట్టారు, సప్లయర్ మా ల్యాబ్‌ని తిట్టాడు, నేను మళ్ళీ మళ్ళీ ప్లేట్లు వేశాను. చివరికి మేమే బయల్దేరి పోయి చూస్తే తేలిందేంటంటే, పాపం ఆయన ఆసారి ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. నేలవేము పొట్టి మొక్క, వానకి మట్టి చింది ఆకుల మీద పడుతుంది కదా, శుభ్రంగా ఇద్దామని కోసిన మొక్కలన్నీ ఒక సిమెంటు తొట్టిలో ముంచి కడిగించాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా అవే నీళ్ళు. నేను చూసేసరికి ఆ నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఆ తడి మొక్కల్ని, పైన ముసురు కాబట్టి, రేకుల షెడ్డులో కుప్ప పోసి పట్టా కప్పాడు. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అలా వెచ్చగా తగిలిందంటే లోపల పని మొదలైపోయినట్టే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆకు మీద కాపురముండే అసలు బ్యాక్టీరియా, ఆ గులాబివీ అవీ, ఆకు ఎండితే చాలావరకు పోతుంది. పొడిలో మిగిలేవి ఎక్కువగా బాసిల్లస్ జాతివి, మట్టిలోంచి వచ్చేవి. ఇవి గట్టి స్పోర్లుగా, అంటే పెంకు కట్టుకుని నిద్రపోయే రూపంలోకి మారి ఎండకి చావవు, మరిగించినా చావవు. అంటే ఆయన తొట్టి మురికి మొక్కల మట్టిని శుభ్రమైన మొక్కలకి కూడా సమానంగా పంచిపెట్టింది, కుప్ప వాటికి తడీ వేడీ ఇచ్చింది. ఇప్పుడు ఆయన వాన వెలిశాక రెండ్రోజులు ఆగి, పైభాగం మాత్రమే కోసి, కడగకుండా, పల్చగా జల్లెడ బల్లల మీద ఆరబెడుతున్నాడు. కడగాల్సివస్తే పారే నీళ్ళలో కడిగి వెంటనే ఫ్యాన్ల కింద వేస్తాడు. లెక్క మళ్ళీ దారికొచ్చింది.

దీంతోపాటే ఇంట్లోవాళ్ళకి చెప్పేది కూడా ఒకటుంది. కరోనా రోజుల్లో చాలా ఇళ్ళలో చూశాను, పొద్దున ఒక గిన్నెడు కషాయం కాచి స్టవ్ మీదే వదిలేసి రాత్రిదాకా గోరువెచ్చగా తాగడం. మరిగినప్పుడు మామూలు బ్యాక్టీరియా చస్తుంది, స్పోర్లు చావవు, పైగా వేడి తగలగానే నిద్ర లేస్తాయి. గోరువెచ్చటి గిన్నె వాటికి అత్తారిల్లు. తాగేంత కాచుకుని వేడిగా తాగేయండి, లేకపోతే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మందు మొక్కలతో కాచాం కదా, పాడవదులే అనుకోవద్దు.

ఇంతవరకూ ఆకు మీద ఉండేవాళ్ళ గురించే. ఆకు లోపలే ఇల్లు కట్టుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, అక్కడికెళ్తే "ఈ మందు ఈ మొక్కది" అనే మాటకే అర్థం మారిపోతుంది. ఆర్డీసియా క్రెనేటా అని తూర్పు ఆసియా మొక్క ఒకటుంది, ఎర్రటి పళ్ళ గుత్తులతో కుండీల్లో అందంగా ఉంటుంది, చైనా వైద్యంలో వాడతారు. 1988లో జపాన్‌వాళ్ళు దాని ఆకుల్లోంచి ఎఫ్‌ఆర్ 900359 అనే పదార్థాన్ని తీశారు. మన కణాల్లో జీక్యూ అనే ప్రోటీన్‌ని కచ్చితంగా పట్టి ఆపేస్తుంది, ఎలుకల్లో ఉబ్బసం మీద కూడా పరీక్షించారు. చాలాకాలం అది మొక్క సొత్తే అనుకున్నారు. తీరా బ్యాక్టీరియా జీనోమ్, అంటే దాని జన్యువులన్నీ చదివితే, దాన్ని తయారుచేసే జన్యువులు ఆకు అంచు బుడిపెల్లో ఉండే బర్క్‌హోల్డేరియా జాతి బ్యాక్టీరియావి. మొక్క ఇల్లు అద్దెకిచ్చింది, వంట చేసింది వాళ్ళు.

ఇది విని ప్రతి మూలికా ఇలాగే అనుకోకూడదు, ఆ ఉత్సాహం ఈమధ్య చాలా ఎక్కువైంది. 1993లో యూ అనే సూదాకుల చెట్టు లోపలి బూజు ఒకటి క్యాన్సర్ మందు టాక్సాల్ తయారుచేస్తోందని గొప్ప వార్త వచ్చింది. ఆ తర్వాత వందల పేపర్లు. 2013లో కొందరు ఆ బూజుల జన్యువులు విప్పి చూస్తే సొంతంగా టాక్సాల్ చేసే సరంజామా కనపడలేదు. ఇవాళ టాక్సాల్ వచ్చేది యూ ఆకుల సారం నుంచీ, ట్యాంకుల్లో పెంచే యూ కణాల నుంచే. తులసిలో యూజినాల్ కూడా తులసిదే, అనుమానం అక్కర్లేదు.

ఆర్డీసియా కోసం బెంగ పడక్కర్లేదు, మనకి పాపిడి ఉంది. కొన్నిచోట్ల పాపట అంటారు. నూరువరహాల చెట్టుకి చుట్టం, తెల్లపూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది, పల్లె వైద్యంలో వేరూ ఆకూ వాడతారు. శాస్త్రవేత్తలు పావెట్టా అంటారు. ఈ పావెట్టా జాతి ఆకుల్లో బ్యాక్టీరియా బుడిపెలున్నాయని జిమ్మర్మన్ 1902లోనే రాశాడు. ఈ బ్యాక్టీరియా చిగురు దగ్గర జిగురులో ఉంటుంది, లేతాకు విచ్చుకోకముందే రంధ్రాల్లోంచి లోపలికి దూరుతుంది, అక్కడే ఆకు ఒక గది కట్టి పెడుతుంది. పువ్వులోంచి గింజలోకి కూడా వెళ్తుంది, అంటే తల్లి చెట్టు నుంచి పిల్ల చెట్టుకి పుట్టింటి సారెలా వస్తుంది. మా ల్యాబ్ ప్లేట్ల మీద పెరగమంటే పెరగదు.

అత్తయ్యది మార్కాపురం పక్క ఊరు, నల్లమల కనపడుతుంది. దసరాకి వెళ్ళినప్పుడు ఊరి చివర కంచెలో పాపిడి చెట్టు చూపించింది ఆవిడే. నేను ఒక ఆకు తుంపి ఎండకి ఎదురుగా పట్టి ఆవిడ కళ్ళ ముందు పెట్టాను. పచ్చటి ఆకులో అక్కడక్కడా మిరియం కంటే చిన్నవి, నల్లటి చుక్కలు. వేలితో తడిమితే కొంచెం ఉబ్బెత్తుగా తగులుతాయి.

"ఇవా? చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఏదో తెగులనుకునేవాళ్ళం."

"తెగులు కాదండీ. ఒక్కో చుక్క నిండా బ్యాక్టీరియానే. చెట్టే పెంచుకుంటోంది."

ఆవిడ ఆకును అటూ ఇటూ తిప్పి, చీర కొంగుతో గట్టిగా తుడిచి, మళ్ళీ ఎండకి పట్టి చూశారు. చుక్కలు అలాగే ఉన్నాయి.

"కడిగినా పోవు కదా ఇవి?"

"పోవు. లోపలున్నాయి."

అప్పుడేమీ అనలేదు. పోయిన ఆదివారం బాల్కనీలో మాత్రం, నేను పైన చెప్పిన ఉపన్యాసం అంతా ఇచ్చి, దుమ్మూ పావురాల రెట్టా పోవడానికి కుళాయి కింద ఒకసారి పట్టండి చాలు, మిగతావి ఎలాగూ పూర్తిగా పోవు, వాటితో మీకొచ్చిన ప్రమాదమూ లేదు అని ముగించాక, గుర్తుపెట్టుకుని అడిగారు. "ఎలాగూ పోవని నీకు ముందే తెలుసు కదా, మరి పొద్దున్నే నా నోటి దగ్గరి తులసాకు ఎందుకు ఆపావమ్మా?"